గాలి దోవలో నలభై నిమిషాలు

ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య దూరం ఎన్ని రకాలు? నేను బడిలో పని చేసిన రోజుల్లో నాలుగో తరగతి పిల్లలను ఈ ప్రశ్న అడిగేదాన్ని. "ఒకటే టీచర్!" అని అరిచేవాళ్లు. కాదు. బండి దోవ వేరు, కాలి దోవ వేరు. బండి గుట్టను చుట్టుకుని పోతుంది, మనిషి గుట్ట ఎక్కి దిగుతాడు. మూడోది గాలి దోవ. పటం మీద స్కేలు పెట్టి ఈ చుక్క నుంచి ఆ చుక్కకు గీత గీస్తే వచ్చేది. కొంగ పోయే దోవ అనుకోండి.

"ఆ దోవలో మనం పోలేము కదా టీచర్, మరి అదెందుకు?" అని ఒక పిల్ల అడిగింది.

"పరీక్షకు" అన్నాను.

ఇంకొక సంగతి ఆ పిల్లకు చెప్పలేదు. మా పావగడ తాలూకాలో తెలుగులోనైనా కన్నడంలోనైనా గాలి అంటే వీచేది మాత్రమే కాదు. సోకేది కూడా. "పిల్లకు గాలి సోకింది" అంటే జలుబు చేసిందని కాదు. అటువంటి మాటలు ఆడే పెద్దవాళ్లను నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎగతాళి చేశాను. వేపమండలు పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు చులకన. ఇప్పటికీ చులకనే. కాకపోతే ఈ మధ్య ఆ చులకనలో కొందరిని తగ్గించి, కొందరిని కలుపుకున్నాను.

కలుపుకున్నవాళ్లలో మొదటివాడు మా మనవరాలు శిల్పశ్రీ మొగుడు, ప్రశాంత్‌కుమార్.

ఉండేది శివమొగ్గలో. చిన్న విమానాలు నడపబోయే ఒక కంపెనీలో ఉద్యోగం. 'నడపబోయే' అన్న మాటను గమనించండి. పెళ్లి మాటలప్పుడు కూడా నడపబోతూనే ఉంది, బిడ్డ పుట్టినాక కూడా నడపబోతూనే ఉంది. పుట్టపర్తిలో ఒక చిన్న ఎయిర్‌పోర్టు ఉంది, శివమొగ్గలో ఒకటి ఉంది. ఆ రెంటి మధ్య విమానం వేస్తామని వీళ్ల ప్రచారం. మనిషి చెడ్డవాడు కాడు. ఖాళీ డబ్బా. రాయి వేస్తే మోగుతుంది, వేయకపోయినా మోగుతుంది.

శిల్పకు కొడుకు పుట్టి నెల కూడా కాలేదు. కానుపుకు పుట్టింటికి తీసుకొచ్చే పద్ధతిని ఈ మహానుభావుడు తీసేశాడు కాబట్టి, నా కూతురు నేత్రావతే శివమొగ్గ పోయి బాలింతను చూసుకుంటోంది. ఆ ఆదివారం బిడ్డను తొట్టెలో వేసి పేరు పెట్టాలి. ముత్తవ్వ ఒళ్లో పెట్టి పేరు పిలిపించాలని శిల్ప పట్టు. నన్ను తీసుకుపోవడానికి ప్రశాంత్ మా రాయచెర్లుకు వచ్చాడు.

దేంట్లో వచ్చాడు? ఎర్ర బస్సులో.

"నువ్వు ఇంగా బస్సుల కాలంలోనే ఉండావవ్వా" అన్నాడు, బస్సు దుమ్ము తల మీద నుంచి ఇంకా దులుపుకోకముందే. "రేపు పుట్టపర్తి నుంచి మా ట్రయల్ ఫ్లయిట్. నువ్వే మొదటి ప్యాసింజరు. ఫోటో తీస్తారు. చూడు."

ఫోనులో ఒక పటం చూపించాడు. రెండు చుక్కలు, మధ్యలో నీలం గీత. ఆ గీత మా తాలూకా మీదుగానే పోతోంది.

"రెండు వందల ముప్పై చిల్లర కిలోమీటర్లు. నలభై నిమిషాలు. బస్సులో అయితే పొద్దంతా."

"ఈన్నుంచి పుట్టపర్తికి ఎంత సేపప్పా?"

"అది లెక్కలోకి రాదవ్వా."

"ఆడ దిగినాక మీ ఇంటికి?"

"అది కూడా రాదు. ఫ్లయిట్ టైమంటే ఎయిర్‌పోర్టు టు ఎయిర్‌పోర్టు. అంతే."

"మరి లెక్కలోకి రాని దోవ ఎవరు నడుస్తారు? మీ కంపెనీవాళ్లా?"

నవ్వాడు. ప్రశ్న అర్థం కానప్పుడు నవ్వే పిల్లలు నా బడిలోనూ ఉండేవాళ్లు. వెనక బెంచీలో.

ఆ రోజు మధ్యాహ్నం బిడ్డకు వెండి మొలతాడు తేవడానికి మేమిద్దరం పావగడ వెళ్లాం. దొడ్డన్న ఆటో మాట్లాడుకున్నాం. దొడ్డన్న నా దగ్గరే చదివాడు. ఎక్కాలు రావు గానీ రోడ్డు మీద గుంతలన్నీ కంఠతా వచ్చు. కంసాలి మమ్మల్ని కూర్చోబెట్టి, ఇదిగో అయిపాయె అదిగో అయిపాయె అంటూ పొద్దు వంచేశాడు. తిరుమణి దాటి సోలార్ పార్కు రోడ్డులో పడేసరికి పొద్దు గూకింది.

మీరు ఆ దారి చూడకపోతే చెబుతాను. రెండు పక్కలా ప్యానెళ్లే. చూపు పోయినంత మేర. ఒకప్పుడు అవి శెనగచేలు, రాగిచేలు. వాటి మధ్య కాలి దోవలు ఉండేవి, ఊరికొకటి, బాయికొకటి. ఇప్పుడు కంచె వేశారు. దోవలన్నీ కంచె లోపల, ప్యానెళ్ల కింద ఉండిపోయాయి. పగలంతా అక్కడొక రొద ఉంటుంది, తేనెటీగలు గుయ్యిమన్నట్లు. కరెంటు పెట్టెల రొద. పొద్దు గూకితే అది ఆగిపోతుంది. కొన్ని వరసలు పొద్దును బట్టి తిరుగుతాయి. చీకటి పడితే వెల్లకిలా పడుకుంటాయి. అప్పుడు ఆ మైదానమంతా నీళ్లు నిలిచిన చెరువులా ఉంటుంది. నీళ్లు లేని చెరువు.

ప్రశాంత్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. మబ్బుల మీద కాఫీ ఇస్తారట. నేను మొలతాడు పొట్లాన్ని కొంగున ముడేసుకుని, నిద్ర వచ్చినట్లు కళ్లు మూసుకున్నాను.

ఆటో ఆగింది.

ఎదురుగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అందులో వింత లేదు, ప్యానెళ్ల కింద గడ్డి మేపుకుంటారు. వింత ఏమిటో నాకు వెంటనే తట్టలేదు. దొడ్డన్నకు తట్టింది. ఆటో ఇంజను ఆపి, వెనక్కి తిరగకుండా, పెదవులు కదలకుండా అన్నాడు:

"టీచరమ్మా... మాట్లాడాకండి."

అప్పుడు విన్నాను. ఏమీ వినబడలేదు. అన్ని గొర్రెలు పోతున్నాయి. ఒక్క అరుపు లేదు. ఒక్క మెడగంట లేదు. గిట్టల చప్పుడు కూడా లేదు. దుమ్ము లేవలేదు.

ఒక వాసన మాత్రం వచ్చింది. తడిసిన కంబళి వాసన. మా వైపు వాన మొహం చూసి నెలలయింది. రోడ్డు పక్కన తుమ్మచెట్లు కూడా ఎండి పుల్లలయ్యాయి. ఆ ఎండు గాలిలో... వానలో నాని నాని ముక్కిపోయిన బొచ్చు వాసన.

మంద వెనక ఒక ముసలామె వచ్చింది. తల మీదుగా కంబళి కప్పుకుంది. కంబళి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. రోడ్డు మీద పడుతున్నాయి. పడిన చోట తడి లేదు.

ఆటో పక్కన నిలబడింది. మొహం కనబడలేదు.

"శానా దూరమా, నాయనా?" అంది.

ఇక్కడ ఒక నిమిషం ఆగి మీకొక పద్ధతి చెప్పాలి. బయలుదేరిన మనిషిని మావాళ్లు "యాడికి?" అని అడగరు. అడిగితే పోయిన పని చెడుతుందంటారు. "శానా దూరమా?" అని అడుగుతారు. దానికి జవాబు కూడా ఒకటే. పావగడ పోతున్నా, కాశీకి పోతున్నా, "ఈడికే" అనాలి. ఈడికే, ఇక్కడికే. ఊరు చెప్పకూడదు, దూరం చెప్పకూడదు, ఎంత సేపు పడుతుందో చెప్పకూడదు. ఎందుకని నేను చిన్నప్పుడు అడిగితే మా అమ్మ ఒక మొట్టికాయ వేసి, "అడిగినోళ్లంతా మనుషులే కాదే" అంది. మొట్టికాయ గుర్తుంది గానీ మాటను నమ్మలేదు.

ప్రశాంత్‌కుమార్‌కు మొట్టికాయ వేసినవాళ్లు ఎవరూ లేరు.

"దూరం ఏముందవ్వా!" అన్నాడు, తల బయటికి పెట్టి. "శివమొగ్గకు. రోడ్డులో అయితే దూరమే. గాలి దోవలో పోతే నలభై నిమిషాలు. ఇట్ల ఎక్కి అట్ల దిగడమే. ఇంటికి పోయి కొడుకును ఎత్తుకోవాల."

దొడ్డన్న కళ్లు మూసుకున్నాడు.

"కొడుకా?" అంది ముసలామె.

"పచ్చి బిడ్డ. ఇంగా పేరు కూడా పెట్టలే."

"గాలి దోవలోనా నాయనా?"

"అవునవ్వా. నువ్వూ రా కావాలంటే. సీట్లు ఖాళీగానే ఉండాయి."

అని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఒక మనిషి ఇంత కంటే తెలివితక్కువ మాట ఆడగలడా అని చాలాసార్లు ఆలోచించాను. ఊరు చెప్పాడు. దోవ చెప్పాడు. బిడ్డను చెప్పాడు. పేరు లేదని చెప్పాడు. అన్నీ చెప్పి పిలిచాడు.

"అట్లనా" అందామె. "అట్లయితే నేను ముందు పోతా. మీరు నిదానంగా రాండి."

కంచె వైపు తిరిగింది. కంచెలో దారి లేదు. ఆమెకు దారి అక్కరలేకపోయింది.

మేము చూస్తూనే ఉన్నాం. వెల్లకిలా పడుకున్న ప్యానెళ్లలో దగ్గరి వరస కదిలింది. కిర్రుమంటూ... పడమటి వైపు వంగింది. ఆ వెనక వరస. దాని వెనకది. ఒకదాని తర్వాత ఒకటి, పొద్దు పోతుంటే తిరిగినట్లు. కానీ పొద్దు లేదు. ఆగిపోయిన రొద మళ్లీ మొదలయింది. గుయ్యిమని... తిన్నగా ఒకే గీతలో... దూరంగా, పడమటికి... పోయింది.

ఎవరో స్కేలు పెట్టి గీసినట్లు.

"మోటారు ప్రాబ్లెమ్" అన్నాడు ప్రశాంత్.

రోడ్డు మీద గొర్రెలు లేవు. అన్ని గొర్రెలు దాటితే మన్నులో అడుగులు పడాలి కదా. పడలేదు.

దొడ్డన్న ఆటోను మా ఇంటి దాకా ఎట్లా తోలాడో నాకు తెలియదు. ఇంటి ముందు దింపి, చెప్పులు చేత్తో పట్టుకుని, గుడికి వచ్చినవాడిలా వంగి నాతో అన్నాడు:

"దాని దోవ ఆ పలకల కింద పడిపోయిందమ్మా. అందుకే వచ్చేపోయేవాళ్లను అడుగుతాండాది. మేమందరం 'ఈడికే' అని తప్పించుకుంటాండాము. ఎవరూ పిలవలే. ఈయప్ప పిలిచినాడు."

"పిలిస్తే ఏమైతాది?" అన్నాడు ప్రశాంత్, ఇంకా నవ్వుతూనే.

దొడ్డన్న అతని మొహం చూడలేదు. నన్నే చూశాడు. "బాలింత ఇంటికి గాలి పోతే ఏమైతాదో టీచరమ్మకు తెలుసు" అని వెళ్లిపోయాడు.

తెలుసు. నమ్మకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. మా వైపు ఆ సంగతి నోటితో ఎవరూ చెప్పరు. ఆ ఇంటి తొట్టెను మర్నాడు అటక మీదికి ఎక్కిస్తారు. అంతే. చూసినవాళ్లు అర్థం చేసుకుంటారు.

"శిల్పకు ఫోను చెయ్" అన్నాను.

"ఊరికే భయపెట్టాకవ్వా దాన్ని."

"చెయ్ అంటే చెయ్!"

బడి గొంతు వచ్చింది నాకు. ఆ గొంతుకు పెద్ద పెద్ద వెధవలు కూడా లేచి నిలబడతారు. ఫోను చేసి, స్పీకరు పెట్టి, మా ఇంటి తిన్నె మీద పెట్టాడు.

"ఏమవ్వా, మొలతాడు తెచ్చినావా?" శిల్ప గొంతు. వెనక బిడ్డ ఏడుపు. గట్టి ఏడుపు, ఊపిరితిత్తులు బాగున్న ఏడుపు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. "ఈడ ఒకటే వాన. వీడు నిద్రపోడు, మమ్మల్ని పోనీడు."

"కిటికీలు మూసినావా?"

"మూడో అంతస్తు కదవ్వా, దొంగలు ఎట్ల వస్తారు?"

గాలికి అంతస్తులేమిటి? అనలేదు. "వాన జల్లు కొడుతుంది, మూయమ్మా" అన్నాను. "తలుపు ఎవరు కొట్టినా తీయాకు. మీ అమ్మ యాడ?"

"వంటింట్లో. ఏమైంది అవ్వా?"

"ఏమీ లే. ఫోను పెట్టేయాకు. అట్లే ఉండనీ."

ప్రశాంత్ వైపు తిరిగాను. గొంతు తగ్గించాను. "నువ్వు దానికి చెప్పిందేంది? మాట మాటా చెప్పు."

"శివమొగ్గ అన్నా... నలభై నిమిషాలన్నా..."

"మీ వీధి చెప్పినావా?"

"లే."

"ఇంటి గుర్తు?"

"లే అవ్వా. నలభై నిమిషాలంటే ఎయిర్‌పోర్టుకే కదా. ఆన్నుంచి ఇంటికి వేరే..." మధ్యలో ఆగిపోయాడు. మొదటిసారి వాడి బుర్రలో ఏదో చక్రం తిరిగింది.

"చూసినావా? లెక్కలోకి రాని దోవ" అన్నాను. "మీ కంపెనీ అబద్ధం ఒక్కటైనా పనికొచ్చింది. అది ఎయిర్‌పోర్టులో దిగుతాది. ఆన్నుంచి దానికి దోవ తెలీదు. ఎవరూ చెప్పకపోతే ఆడే నిలబడిపోతాది. ఇంగ నువ్వు నోరు మూసుకో. తెల్లారేవరకు."

కూర్చున్నాం. వీధిలో లైటు ఒకటి మిణుకుమిణుకుమంటోంది. ఫోనులో వాన చప్పుడు, బిడ్డ ఏడుపు, శిల్ప జోల. జోల పాట వస్తూ పోతూ ఉంది. ఎంత సేపు గడిచిందో నేను చూడలేదు. ప్రశాంత్ చూస్తున్నాడు. వాడి చూపు ఫోను మీద అంకెల నుంచి కదలడం లేదు. వాడి నుదుటి మీద చెమట పట్టడం చూసి తెలుసుకున్నాను. అయింది. నలభై నిమిషాలు.

ఫోనులో బిడ్డ ఏడుపు ఆగింది.

జోల ఆగింది. వాన ఒక్కటే. తర్వాత ఆ వాన చప్పుడులోంచి... దగ్గరగా... మా ఇద్దరి మధ్యే కూర్చున్నంత దగ్గరగా...

"నాయనా. దిగినాను. ఈడ శానా వాన."

తిన్నె మీద తడి కంబళి వాసన.

"ఇంగా శానా దూరమా?"

ప్రశాంత్ నోరు తెరిచాడు. భయంతో కాదు. అదే నాకు అసహ్యం. వాడికి అది అలవాటు. దూరం అడిగితే చెప్పడం వాడి ఉద్యోగం. "ఊరు ఆన్నుంచి పదిహేను..." అనేశాడు. నేను వాడి నోటి మీద అరచెయ్యి వేసి నొక్కాను. పళ్లు తగిలాయి.

ఫోను మీదికి వంగాను. మా అమ్మ మొట్టికాయ వేసి నేర్పిన మాట, నేను ఎన్నడూ లెక్కచేయని మాట, నోట్లోకి దానంతట అదే వచ్చింది.

"ఈడికేమ్మా" అన్నాను. "ఈడికే. ఇంగ దూరం లే. ఈడికి వచ్చెయ్."

నా ఉద్దేశం మీకు అర్థమయిందనుకుంటాను. ఈడికి అంటే నా తిన్నె మీదికి. రాయచెర్లుకు. వచ్చిన దోవనే తిరిగి రానీ. నేను ముసలిదాన్ని, నాకు తొట్టె లేదు. నన్ను ఏం చేసుకుంటుందో చేసుకోనీ.

వాసన తగ్గింది.

"ఎవరితో అవ్వా, వచ్చెయ్ అంటాండావు?" శిల్ప గొంతు, గుసగుసగా. "మధ్యలో ఎవరో ముసలామె మాట్లాడినట్లుండాది. మెల్లగా మాట్లాడు. వీడు ఇప్పుడే నిద్రపోయినాడు. నీ గొంతు వింటాడని ఫోను తొట్టెలోనే పెట్టినాను."

ఆ మాట నా చెవిన పడింది. తలకు ఎక్కలేదు. నేను అప్పటికే లేచి, చెంబుతో నీళ్లు తెచ్చుకుని, తిన్నె మీద పడమటి వైపు తిరిగి కూర్చున్నాను. వస్తుందని. ప్రశాంత్ లోపలికి పోయి దుప్పటి ముసుగు పెట్టాడు. దూరంగా పార్కు మైదానం కనబడుతోంది. ప్యానెళ్లు కదిలితే తెలుస్తుంది. తూర్పుకు తిరుగుతాయి. ఒకదాని తర్వాత ఒకటి.

కదలలేదు.

ఇంకో నలభై నిమిషాలు గడిచి ఉంటాయి. అంతకు రెట్టింపు గడిచి ఉంటాయి. కదలలేదు. అప్పుడు తట్టింది నాకు. ఒకటో తరగతి పాఠం. ఈడ, ఆడ. నేను పిల్లలకు వేలు పెట్టి చూపించి నేర్పిన మొదటి మాటలు. ఈడ అంటే మాట పలికిన చోటు.

నా మాట ఏ చోట పలికింది? నా నోట్లోనా? తొట్టెలోనా?

తెల్లవారి బస్సుకే బయలుదేరాం. పుట్టపర్తి మాట నేను ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు. దారి పొడవునా ఫోను చేస్తూనే ఉన్నాను. బిడ్డ బాగున్నాడు. బాగా నిద్రపోతున్నాడు. రాత్రంతా ఒక్కసారి కూడా లేవలేదు.

ఇల్లు చేరి తొట్టె దగ్గరికి పరుగెత్తాను. గుండ్రటి మొహం, గట్టిగా మూసిన పిడికిలి. వెచ్చగా ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. నేను ఏడ్చాను, ఒప్పుకుంటాను.

"అమ్మ రాత్రంతా తొట్టె ఊపింది అవ్వా, పాపం" అంది శిల్ప.

వంటింట్లోంచి నేత్రావతి తల బయటికి పెట్టింది. "నేనెప్పుడు ఊపినానే? నువ్వే ఊపుతాండావని నేను పడుకుంటిని."

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను తొట్టె గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి బొచ్చు వాసన. "మలెనాడు వాన అత్తా, ఏ గుడ్డా ఆరదు ఈడ" అంది బిడ్డను చూడవచ్చిన పక్కింటామె, కన్నడంలో. కావచ్చు. నిజంగానే ఆ ఇంట్లో ఏ గుడ్డా ఆరలేదు.

ఆదివారం పేరు పెట్టాం. మొలతాడు కట్టాను. బిడ్డ చెవిలో పేరు పిలిచాను. యశ్. ప్రశాంత్ వచ్చినవాళ్లందరికీ, "అవ్వకు ఫ్లయిట్ అంటే భయం, అందుకే బస్సులో తెచ్చినా" అని చెబుతూ తిరిగాడు. ఆ రాత్రి సంగతి అడిగితే "క్రాస్ టాక్" అన్నాడు. కుండలో నీళ్లు లేవని తెలిసినాక చెంబు ముంచడం ఎందుకు?

మర్నాడు సంచి సర్దుకున్నాను. శిల్ప స్నానానికి పోయింది. నేత్రావతి కిందికి పోయింది. బిడ్డను చివరిసారి చూసుకోవడానికి గదిలోకి పోయాను. తొట్టె ఊగుతోంది. గాలి లేదు. నెమ్మదిగా... ప్రేమగా... ఊగుతోంది.

తొట్టె అవతల నుంచి వినబడింది.

"శానా దూరమా, టీచరమ్మా?"

నన్ను చూడండి. దూరం చెప్పకూడదని జన్మంతా విన్నదాన్ని. చెప్పినవాణ్ని తిట్టినదాన్ని. 'ఈడికే' అంటే అది ఈడే ఉండిపోతుంది. కాబట్టి చెప్పాను. పాఠం చెప్పినట్లు, తొందర లేకుండా, అన్నీ చెప్పాను.

"శానా దూరమమ్మా. రాయచెర్లు. గాలి దోవ కాదు, ఆ దోవ అబద్ధం, అది ఎవరి వాకిటికీ పోదు. బస్సు దోవ. ఈన్నుంచి చిత్రదుర్గ. ఆడ బస్సు మారాల. చళ్లకెరె మీద పావగడ. ఆన్నుంచి తిరుమణి దాటితే మా ఊరు. ఊరి మొదట్లోనే నా ఇల్లు, టీచరమ్మ ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. తిన్నె ఉంది, కూర్చోవచ్చు. చెంబుతో నీళ్లు పెడతా. నువ్వూ రా. నాతోనే రా."

తొట్టె ఆగింది.

బిడ్డ కళ్లు తెరిచి కెవ్వున ఏడ్చాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి ఏడుపు. అంత తియ్యని చప్పుడు నేను వినలేదు.

బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఎవరూ కూర్చోలేదు. కూర్చోబోయినవాళ్లు ముక్కు చిట్లించుకుని వెనక్కి పోయారు. తడి బొచ్చు వాసన. నేను సంచి ఒళ్లో పెట్టుకుని దానికి కిటికీ వైపు చోటిచ్చాను. చిత్రదుర్గ వరకు వచ్చింది. అక్కడ దిగి, "ఈ బస్సు కాదు, ఆ బస్సు" అని మెల్లగా చెప్పి, పావగడ బస్సు ఎక్కాను.

వాసన ఎక్కలేదు.

బస్సు మారడం కూడా చేతగాని గాలి అని నవ్వుకున్నాను. వెనక వస్తుందిలే, నడిచి వస్తుందిలే అనుకున్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దు గూకే యాళకు తిన్నె మీద కూర్చుంటున్నాను. చెంబు పెట్టుకుంటున్నాను. బిడ్డను చూడాలని ప్రాణం పీకుతుంది, పోను. నేను ఇల్లు విడిచిన రోజే అది ఇక్కడికి వచ్చి, నేను లేనని వెనక్కి తిరిగితే? ప్రశాంత్ కంపెనీ ఇంకా నడపబోతూనే ఉంది.

నిన్న శిల్ప ఫోను చేసింది. యశ్‌కు మాటలు వస్తున్నాయట. ఆ ఇంట్లో వాడితో మాట్లాడేది కన్నడం, కాస్త ఇంగ్లీషు. నా గొంతు వాడు విని ఏడాది దాటింది. ఆ రాత్రి తర్వాత ఫోనును బిడ్డ దగ్గరికి తేవద్దని ఒట్టు వేయించాను.

"నీ మాట ఎట్ల పట్టుకున్నాడో అవ్వా వీడు!" అని నవ్వింది. "రోజూ సాయంత్రం ఉయ్యాల మూలకు పోయి నిలబడతాడు. ఎవరో అడిగినట్లు తల పైకెత్తి వింటాడు. విని, వేలు నేల మీదికి చూపించి చెబుతాడు..."

"ఏమని?"

"ఈడికే, అని."